‘ఐదింటికి షార్ప్‌గా’: టీక, తాత్పర్యం, కొంత గొడవ

అవతారిక

తాండూరులోని ఒక ఉమ్మడి కుటుంబం వాట్సాప్ గ్రూపులో శనివారం రాత్రి పదకొండింటికి వెలువడిన గ్రంథమిది. కర్త పేరు గ్రంథంలో లేదు. హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే పెద్దల్లుడని ఒక సంప్రదాయం. ఆయన చెబితే ఏఐ రాసి పెట్టిందని మరో సంప్రదాయం. రెండో పక్షంవాళ్లు చూపే ఆధారం బలమైనదే: ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ ‘ప్రియమైన కుటుంబ సభ్యులారా’ అని పిలవరు.

మూలం ఇది: “ప్రియమైన కుటుంబ సభ్యులారా! పిల్లల ఆనందం కోసం రేపు నేషనల్ పార్క్ ట్రిప్. ఉదయం 5 గంటలకు షార్ప్‌గా బయలుదేరబడును. టిఫిన్ ప్యాక్ చేసుకోవలెను. లగేజ్ మినిమమ్. పిల్లలు కారులో నిద్రపోతారు. వికారాబాద్‌లో చిన్నమ్మగారి పికప్. 8:00 చిలుకూరు దర్శనం. 9:00 పార్క్, జంతువులను చూచుట. 1:00 లంచ్. అందరూ కన్ఫర్మ్ చేయగలరు.”

శాస్త్రగ్రంథం చేతికొస్తే ముందు నాలుగు సంగతులు తేల్చుకోవాలని పూర్వులన్నారు: విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి. విషయం, చిన్నపిల్లలతో కారులో అడవి చూసిరావడం. ప్రయోజనం, స్టేటస్‌లో ఫోటో. సంబంధం, బంధుత్వం. ఇక అధికారి, అంటే ఈ గ్రంథాన్ని ఆచరించే అర్హత ఉన్నవాడు: చీకట్లో లేచి, నడుమ ఒంటేలుకు అడగక, వాంతి చేసుకోక, ఎవరి ఒళ్లోనైనా కదలక కూర్చోగలవాడు. ఆ ఇంట్లో ఆరేళ్లలోపు పిల్లలు ముగ్గురు. ముగ్గురికీ ఈ అర్హత లేదు. డెబ్బై దాటిన నాయనమ్మకూ లేదు. ట్రిప్పు మాత్రం పిల్లల ఆనందం కోసమేనని గ్రంథం మొదట్లోనే ప్రతిజ్ఞ పట్టింది.

వ్యాఖ్యాతల్లో చక్రవర్తి మల్లినాథ సూరి ఈ చుట్టుపక్కలవాడే. ఆయన ఇంటిపేరు కొలచెల, ఊరు మెదక్ జిల్లా కొల్చారం. ఆధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. ప్రస్తుత టీకాకారుడు మొదటి ఒట్టు నిలబెట్టుకుంటాడు. రెండోదానికి పూచీ లేదు.

ఒకటో సూత్రం: “ఉదయం 5 గంటలకు షార్ప్‌గా బయలుదేరబడును”

‘ఉదయం’, ‘గంటలకు’ స్పష్టం. ‘5’ దగ్గర మాత్రం లక్షణావృత్తిని ఆశ్రయించాలి. గంగలో గొల్లపల్లె అంటే నీళ్లలో ఊరుండదు గనుక గంగ ఒడ్డున గొల్లపల్లె అని ఆలంకారికులు అర్థం చెబుతారు. అలాగే ఐదింటిలో ఇంతమంది ఇమడరు గనుక ఐదు ఒడ్డున, అంటే ఆరూ నలభై ప్రాంతంలో అని చెప్పుకోవాలి. ‘షార్ప్‌గా’ అన్నది పాదపూరణం.

‘బయలుదేరబడును’ అన్న క్రియను చూసి నవ్వేవాళ్లు సంస్కృతం రానివాళ్లు. అకర్మక ధాతువుకు భావే ప్రయోగమని ఒకటుంది. అందులో చేసేవాడికి ప్రాధాన్యం పోయి పని ఒక్కటే మిగులుతుంది. బయలుదేరడమనేది జరుగుతుంది, అంతే. ఎవరు లేపారు, ఎవరు స్నానాలు చేయించారు, ఏడ్చేవాడికి చొక్కా ఎవరు తొడిగారు అన్న ప్రశ్నలు వ్యాకరణం ప్రకారమే పుట్టవు. ఆఫీసులో మేనేజర్లు వాడే ఈ ప్రయోగం ఈమధ్య ఇళ్లకు పాకింది. పనులు చేయబడును, ఏర్పాట్లు జరుగును, సహకరించగలరు. చేసే చేతులు ఒక్కచోటా కనబడవు.

రెండో సూత్రం: “టిఫిన్ ప్యాక్ చేసుకోవలెను. లగేజ్ మినిమమ్”

ఇందులోనూ కర్త లేదు. వాక్యంలో లేని పదాన్ని సందర్భాన్నిబట్టి తెచ్చుకోవడాన్ని అధ్యాహారం అంటారు. మామూలుగా ఏ పదం తేవాలన్నదానిపై పండితుల్లో వాదం నడుస్తుంది. ఇక్కడ వాదమే లేదు. ఇంటిల్లిపాదీ ఏకాభిప్రాయంతో తెచ్చే పదం ‘కోడలు’. కోడలికి ఒంట్లో బాగాలేకపోతే ‘అత్త’. ఈ గ్రంథానికి వెయ్యేళ్ల తర్వాత కొత్త ప్రతి దొరికినా ఈ స్థానంలో ‘అల్లుడు’ అన్న పాఠాంతరం దొరకదు.

ఆ కర్త మూడింటికి లేచింది. జొన్నరొట్టెలు చేసింది, అవి నమలలేనివాళ్లకు ఇడ్లీలు వేసింది, పెరుగన్నం కలిపింది. ఫ్లాస్కులో ఉడుకునీళ్లు, పాలడబ్బా, డైపర్లు, జ్వరం సిరప్పు, వాంతి కవర్లు, ఒక్కో పిల్లకు మూడేసి జతలు, నాయనమ్మ బీపీ గోళీలు సంచుల్లో సర్దింది. అంతా అయ్యాక మూలకర్త వచ్చి డిక్కీ చూసి “ఇంత లగేజా? మినిమమ్ అన్న కదా” అన్నాడు. దీనికి టీకాకారుడి దగ్గర పెద్దలముందు చెప్పదగిన తాత్పర్యం లేదు.

మూడో సూత్రం: “పిల్లలు కారులో నిద్రపోతారు”

వాక్యం అర్థం కావాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అని మూడు ఉండాలి. మాటలన్నీ కుదిరినా ‘నిప్పుతో తడుపు’ అనేది వాక్యం కాదు, దానికి యోగ్యత లేదు. ప్రస్తుత సూత్రాన్ని కూడా తార్కికులు ఆ పక్కనే కూర్చోబెడతారు. ధారూరు రాకముందే ముగ్గురూ మేలుకున్నారు. కిటికీ సీటు ఒక్కటి, అడిగేవాళ్లు ముగ్గురు.

విశేషం: బండికి సీట్లు ఏడు, ఎక్కాల్సినవాళ్లు పదిమంది. మిగిలిన ముగ్గురూ పిల్లలే గనుక ఒళ్లలో సర్దుకుంటారని మూలకర్త లెక్క. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 194బి అనే సెక్షన్ ఉంది. పద్నాలుగేళ్లలోపు పిల్లలకు సీటుబెల్టు గానీ పిల్లల రక్షణ సీటు గానీ లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా అని అది చెబుతోంది. ముందు సీట్లో నాయనమ్మ ఒళ్లో రెండేళ్ల పిల్ల కూర్చుంది. బెల్టు నాయనమ్మకు ఉంది. సడెన్ బ్రేకు పడితే ముందుకు ఎగిరేది ఎవరో చెప్పడానికి న్యాయశాస్త్రం చదవనక్కరలేదు.

నాలుగో సూత్రం: “వికారాబాద్‌లో చిన్నమ్మగారి పికప్”

పాయిగా అమీరు వికారుల్ ఉమ్రా పేరు మీద వెలసిన ఊరిది. ‘పికప్’ అంటే వాకిట్లో బండాపి ఎక్కించుకోవడమని నిఘంటువు. చిన్నమ్మ శాస్త్రంలో అందరూ దిగాలి, చాయ్ తాగాలి, పిల్లల చేతుల్లో సర్వపిండి ముక్కలు పెట్టాలి. గంట పోయింది.

ఆ వాకిట్లోంచి కనబడే దూరంలోనే అనంతగిరి గుట్టలున్నాయి. మూసీ అక్కడే పుడుతుంది. ఈ బండి పోయే దిక్కుకే పోతుంది. 1908 వరద హైదరాబాద్‌ను ముంచాక ఆ నదికి అడ్డంగా కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920కి పూర్తయింది, చిలుకూరు ఆ చెరువు దాపునే ఉంది. గుట్ట మీద అనంతపద్మనాభస్వామి గుడి, చెట్లు, కోతులు, దగ్గర్లో కోటిపల్లి చెరువు. నాలుగేళ్లవాడు గుట్టను చూపించి “ఇదేనా అడవి? దిగుదమా?” అని అడిగాడు. “ఇది కాదు నాన్నా, నేషనల్ పార్క్ ఇంకా ముందుంది” అన్నాడు మూలకర్త.

ఐదో సూత్రం, మూలంలో లేనిది: దారి

మూలకర్త దారి గురించి ఒక్క మాటా రాయలేదు, మ్యాపులో నీలిగీత ఉంది గనుక. మల్లినాథుడు కిరాతార్జునీయానికి రాసిన టీకకు ఘంటాపథం అని పేరు పెట్టాడు. గంటలు కట్టిన ఏనుగులు నడిచే విశాలమైన రాజమార్గమని అర్థం. మన్నెగూడ దగ్గర ఈ బండి ఎక్కిన 163వ నంబరు జాతీయ రహదారిని చూసి ఆ పేరు తట్టేది కాదు. అక్కడినుంచి అప్పా జంక్షన్ దాకా 46 కిలోమీటర్లు, పక్కల తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లు. రోడ్డు వెడల్పు చేయాలన్నవాళ్లది న్యాయమే, మర్రులు నరకొద్దన్నవాళ్లదీ న్యాయమే. రెంటికీ కుదిరే గీత గీయడం మాత్రం ఎవరి పనో తేలక వ్యవహారం హరిత ట్రిబ్యునల్లో ఏళ్లకేళ్లు నలిగింది. విస్తరణ చేయబడును, చర్యలు తీసుకొనబడును. భావే ప్రయోగం ఇళ్లకే పరిమితం కాదు.

2025 నవంబర్ 3 సోమవారం తెల్లవారుజామున తాండూరులో బయలుదేరి హైదరాబాద్ వస్తున్న ఆర్టీసీ బస్సును చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఢీకొంది. కంకర బస్సులోకి కూలింది. 19 మంది చనిపోయారు.

ఈ వాక్యాలకు టీక అక్కరలేదు. రాత్రి పదకొండింటికి సందేశం పంపి, నాలుగింటికి లేచి, అదే దారిలో స్టీరింగు పట్టినవాడికి ‘షార్ప్‌గా’ అనే మాట ఎవరూ గుర్తుచేయకుంటే మేలు.

ఆరో సూత్రం: “8:00 చిలుకూరు దర్శనం”

హుండీ పెట్టని గుడిగా, వీసాల బాలాజీగా ప్రసిద్ధం. మొక్కుకునేటప్పుడు పదకొండు ప్రదక్షిణలు, కోరిక తీరితే నూట ఎనిమిది. చిన్నమ్మకు కోరిక తీరింది. ఆ సంగతి ఆమె గుళ్లో చెప్పింది. మిగతా సమయపట్టిక అంతటితో ప్రక్షిప్తమైంది.

ఏడో సూత్రం: “9:00 పార్క్, జంతువులను చూచుట”

ఇక్కడ టీకాకారుడు కాసేపు కూర్చుంటాడు. పాఠకులు మంచినీళ్లు తాగిరావచ్చు.

ప్రపంచంలో మొదటి నేషనల్ పార్క్ అమెరికాలోని యెల్లోస్టోన్, 1872. మన దేశంలో మొదటిది 1936లో హెయిలీ పేరుతో పెట్టింది, ఇప్పటి జిమ్ కార్బెట్. తెలంగాణలో మూడున్నాయి. జూబ్లీహిల్స్‌లో చిరాన్ ప్యాలెస్ ఆవరణలో కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు. విజయవాడ దారిలో, నిజాములు వేటాడిన చోట, 1975లో మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం గుర్తుగా పేరు పెట్టుకున్న హరిణ వనస్థలి. మూడోది ఈ బండి పోతున్న చిలుకూరు మృగవని, 1994 నుంచి నేషనల్ పార్కు, వైశాల్యం 3.6 చదరపు కిలోమీటర్లు. మూడూ కలిపినా ఇరవై చదరపు కిలోమీటర్లు నిండవు. మూడూ హైదరాబాద్ చెంతనే ఉన్నాయి.

శంక: మరి పులులు తిరిగే అమ్రాబాద్ 2,600 చదరపు కిలోమీటర్లు దాటుతుంది కదా, అది నేషనల్ పార్కు కాదా?

సమాధానం: కాదు, అభయారణ్యం, పులుల రిజర్వు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అభయారణ్యానికి 18వ సెక్షన్, నేషనల్ పార్కుకు 35వ సెక్షన్. రెండోదాంట్లో పశువులు మేపడం పూర్తిగా నిషేధం. పెద్ద అడవిలో మనుషులూ మందలూ ఉంటాయి గనుక కట్టడి కష్టం. ఊరి పక్కన కంచె వేసిన చిన్న అడవికి పెద్ద బిరుదు ఇవ్వడం సులువు.

శంక: వికారాబాద్‌లో అడవి లేదా?

సమాధానం: ఉంది. పూడూరు మండలం దామగుండం రిజర్వు ఫారెస్టు. నౌకాదళం జలాంతర్గాములతో మాట్లాడే రేడియో కేంద్రం కోసం 2,900 ఎకరాలు తీసుకుంది, 2024 అక్టోబర్ 15న శంకుస్థాపన అయింది. తిరునెల్వేలి తర్వాత దేశంలో ఇలాంటిది ఇది రెండోది. దేశ రక్షణ అవసరాన్ని టీకాకారుడు కొట్టిపారేయడు. లెక్క మాత్రం చెబుతాడు: 2,900 ఎకరాలంటే సుమారు 11.7 చదరపు కిలోమీటర్లు, మృగవనికి మూడు రెట్లకు పైమాట. ఇంటి దగ్గరి అడవిని అప్పగించేసి, దాంట్లో మూడో వంతు లేని అడవిని చూడటానికి వికారాబాద్ పిల్లలు కార్లలో వెళ్తున్నారు. దామగుండం చెట్ల కింద ఆడుకునే హక్కు ఎవరికుందని అడిగితే, జవాబు వాక్యంలో మళ్లీ కర్త ఉండడు. ‘ప్రత్యామ్నాయంగా మొక్కలు నాటబడును.’

ఎక్కడున్నాం? తొమ్మిది గంటల దగ్గర. అప్పటికి పదకొండున్నర దాటింది.

‘జంతువులను చూచుట’ విధివాక్యం కాదు, అర్థవాదం. మీమాంసకుల లెక్కలో అర్థవాదమంటే పనికి పురికొల్పడానికి చేసే పొగడ్త. దాన్ని అక్షరాలా నమ్మకూడదు. మృగవనిలో దుప్పులు, కణుజులు, అడవిపందులు, నెమళ్లు ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం అవన్నీ నీడకు పోయాయి, ఆ మాత్రం తెలివి వాటికుంది. దూరంగా దుప్పి కనబడితే పెద్దవాళ్లంతా ఫోన్లెత్తారు. పిల్లల ఎత్తుకు ముందు నిలబడ్డవాళ్ల నడుములు కనబడ్డాయి. నాలుగేళ్లవాడు చీమలపుట్ట దగ్గర కూలబడి లేవనన్నాడు. “నిన్ను ఇంత దూరం తెచ్చింది చీమలు చూడటానికా?” అని మూలకర్త కసిరాడు. చీమలు జంతువుల్లోకి రావని ఏ శాస్త్రం చెప్పిందో ఆయనే సెలవివ్వాలి.

ఎనిమిదో సూత్రం: “అందరూ కన్ఫర్మ్ చేయగలరు”

రాత్రే పది బొటనవేళ్లు లేచాయి. రెండు చేతులు జోడించబడ్డాయి. పెదనాయన తన అలవాటు ప్రకారం గులాబీపువ్వు పెట్టాడు. ఈ చిహ్నాలు అంగీకారమా, ‘చూశాను’ అన్న నమోదా అన్నది వ్యాఖ్యాతల మధ్య తేలని వివాదం.

పన్నెండూ పదికి, అంటే టిఫిన్ కర్త లేచే వేళకు దాదాపు మూడు గంటల ముందు, చిన్నకోడలు ఒక్క వాక్యం పెట్టింది: “అన్నా, పాప సీటు బండిలో ఎక్కడ పెడ్తరు?” గ్రంథం మొత్తంలో కర్త, కర్మ, క్రియ సక్రమంగా కుదిరిన వాక్యం ఇదొక్కటే. నీలిరంగు టిక్కులు పడ్డాయి. దీనికి మూలకర్త ఇంకా వృత్తి రాయలేదు. వచ్చే నెల మరో ట్రిప్పుకు ప్లాన్ మాత్రం గ్రూపులో పడింది, ఈసారి నాలుగున్నరకు షార్ప్‌గా.