ఎప్పటికీ తొలి మహిళే!

మా ఊరి త్యాగరాజ ఆరాధన కరపత్రం వాట్సాప్‌లో మీకూ వచ్చే ఉంటుంది. ‘చరిత్రలో తొలిసారి, పంచరత్నాలు పాడేది అందరూ మహిళలే!’ కింద దాతల ఫొటోలు పదకొండు. పదకొండూ మీసాలే. పాడేవాళ్ల పేర్లకు చోటు చాలలేదట.

ఈ ‘తొలి’ పిచ్చి గురించే నా గోల. తొలి మహిళా సంగీత దర్శకురాలు, తొలి మహిళా వాగ్గేయకారిణి, తొలి మహిళా మృదంగ విద్వాంసురాలు... రెండో ఆవిడ ఎవరికైనా కనిపించిందా? పోయినేడు ఒక తొలి మహిళకు శాలువా కప్పాం. ఈ ఏడు ఇంకొకరికి కప్పుతాం. పాతావిడను అటకెక్కిస్తే తప్ప కొత్త ‘తొలి’ దొరకదు మరి.

నిరుడు ఇలాంటి సన్మానంలోనే నోరు జారాను. “1954లో ‘చక్రపాణి’కి భానుమతి గారు సంగీతం చేశారు కదండీ?” అన్నాను. నిర్వాహకుడు జాలిగా చూశాడు. “అది వేరండీ. ఆవిడ హీరోయిన్!” అప్పటికే శాలువా మడత విప్పేశారు. ఫొటోగ్రాఫరు నన్ను పక్కకు జరగమన్నాడు.

సరే, పంచరత్నాల సంగతి. కావేరి ఒడ్డున త్యాగరాజు సమాధి పాడుబడి ఉంటే, 1921లో పూనుకుని గుడి కట్టించింది బెంగుళూరు నాగరత్నమ్మ. దేవదాసి ఇంట పుట్టి, కచేరీలు చేసి కూడబెట్టిన సొమ్ము అది. సొమ్ముకు మైల లేదు, గొంతుకు ఉంది! ఆరాధనలో ఆడవాళ్లు పాడకూడదన్నారు. ఆవిడ 1927లో ఆడవాళ్లతో వేరే జట్టు కట్టి, గుడి వెనకాల పాడించింది. 1940లో గానీ జట్లు కలవలేదు. మావాళ్ల ‘తొలిసారి’కి వందేళ్లు కావస్తోంది.

ఇక నవ్వలేను. క్షేత్రయ్య పదాలు, జావళీలు మనదాకా ఎవరి గొంతులో వచ్చాయి? అక్కడ తమిళనాట వీణ ధనమ్మాళ్ ఇంట్లో, ఇక్కడ గోదావరి జిల్లాల కళావంతుల ఇళ్లల్లో బతికాయి. వాళ్ల కులం పేరునే తిట్టుగా మార్చాం. మేళం పెట్టించుకున్న జమీందారు పరువు మాత్రం చెక్కుచెదరలేదు. కావ్యానికీ అదే గతి. ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను ఇదే నాగరత్నమ్మ 1910లో పూర్తిపాఠంతో అచ్చు వేయిస్తే, బూతని సర్కారు నిషేధించింది. వీరేశలింగం పంతులుగారు అంతకుముందే ఆ కవయిత్రిని ఈసడించారు. పాట కావాలి, పాడిన మనిషి వద్దు. మతిమరుపని దీనికి ముద్దుపేరు పెట్టకండి. దొంగతనం.

నాగరత్నమ్మ తన ఆస్తిని ఆరాధనకే రాసిచ్చింది, ఆడవాళ్లకు అక్కడ పాడే హక్కు ఉండాలన్న షరతుతో. 1952లో పోయింది. త్యాగరాజు సమాధికి ఎదురుగా ఆవిడ విగ్రహం చేతులు జోడించి కూర్చుని ఉంటుంది.

కమిటీవారికి మనవి. పదకొండు ఫొటోల్లో ఒకటి తీసేసి ఆవిడది వేయండి. ఎవరిది తీయాలో తేలకపోతే రెండో వరసలో చివరిది తీయండి. అయిదొందలు చందా ఇచ్చిన పాపానికి అక్కడున్నది నేనే.