దొంగకు నచ్చని సైకిలు

సైకిలు కొనేముందు ముగ్గురి ఇష్టాయిష్టాలు చూడాలి: తొక్కేవాడివి, పైసలు పెట్టేవాడివి, దొంగవి. మా ఇంట్లో మొదటి ఇద్దరూ నేనే కాబట్టి అక్కడ తగాదా లేదు. చిక్కంతా ఆ మూడో ఆయనతోనే.

పోయిన సైకిలు ఆయనకు బాగా నచ్చింది. ఎర్రరంగు, గేర్లు, లావు టైర్లు. మా అబ్బాయి పట్టుబట్టి కొనిపించుకున్నది. వాడు చదువుకని హైదరాబాదు పోయాక నా వంతుకు వచ్చింది. యాద్గిర్‌లో పెళ్లి ఉంటే, నారాయణపేట బస్టాండు బయట దానికి తాళం వేసి బస్సెక్కాను. రాత్రి దిగి చూస్తే సైకిలు లేదు, తాళమూ లేదు. తాళం కూడా పట్టుకుపోయాడంటే ముందుచూపు గల మనిషే. సైకిళ్లు పోయే ఊళ్లో ఆయనకూ ఒక తాళం కావాలి కదా!

వెతుకుదామా అంటే మాది సరిహద్దు ఊరు. కాస్త గట్టిగా తొక్కితే కర్ణాటక. మోటారు బండి అయితే నంబరు ప్లేటు మీద రాష్ట్రం పేరైనా ఉంటుంది. సైకిలుకు ఆ బాధ లేదు, ఎక్కడ ఆగితే అక్కడిదే. భాషతోనూ ఇబ్బంది పడదు. మా బజారులో తెలుగు, కన్నడం, ఉర్దూ, మరాఠీ దేనిలో బేరమాడినా పని జరుగుతుంది. ఇక్కడ పెరిగిన సైకిలు ఎక్కడికి పోయినా బతుకుతుంది.

మా వీధిలో ఒక వకీలు ఉన్నాడు. కేసుల కోసం కాదు, కబుర్ల కోసం ఆయన దగ్గర కూర్చుంటాను. సంగతి చెబితే ఓదారుస్తాడనుకున్నాను. ఆయన బేరం మొదలుపెట్టాడు.

"ఇప్పుడు అమ్మితే ఎంతొస్తుండె సారూ?"

"ఒక నాలుగు వేలు రావచ్చు."

"అయితే ఖతం. ఐదు వేలదన్న పోగొట్టుకోవద్దా?"

2024 జూలై 1 నుంచి మనకు భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో 303వ సెక్షన్ దొంగతనానిది. పోయిన సొత్తు విలువ 5,000 రూపాయల లోపు అయ్యి, దొంగకు శిక్ష పడటం అదే మొదటిసారి అయితే, సొత్తో దాని విలువో తిరిగి ఇచ్చేస్తే జైలు లేదు. సమాజ సేవ చేస్తే చాలు. అంతటితో అయిపోలేదు. ఆ 5,000 లోపు దొంగతనాన్ని పోలీసులు తమంతట తాము దర్యాప్తు చేయకూడదు. ఫిర్యాదును పుస్తకంలో రాసుకుని, మనల్ని మెజిస్ట్రేటు దగ్గరికి పొమ్మనాలి. ఐదు వేలు నిండితే మాత్రం ఎఫ్‌ఐఆర్. అంటే పాత సైకిలు పోయినవాడు అర్జీ పట్టుకుని కోర్టు మెట్లెక్కాలి, కొత్తది పోయినవాడు ఠాణాలో కుర్చీలో కూర్చోవచ్చు.

"ఇంట్లకెళ్లి పోతే వేరే లెక్క," అన్నాడు వకీలు. అది 305వ సెక్షన్. మనుషులుండే ఇంట్లోంచి ఎత్తుకుపోతే విలువతో పని లేదు, ఏడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. అదే సెక్షన్ కింద సరుకులనో ప్రయాణికులనో మోసే వాహనాన్ని దొంగిలించినా అంతే.

నాకు ప్రాణం లేచొచ్చింది. "మా ఆమెను క్యారియరు మీద కూసుండవెట్టుకొని పోత కదా, మరి ప్రయాణికుల బండి అయితదా?"

"వాదించొచ్చు సారూ. నా ఫీజు మాత్రం సైకిలు కన్న ఎక్కువైతది."

మా ఆమె అసలు క్యారియరు ఎక్కదన్న సంగతి ఆయనకు చెప్పలేదు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకు టికెట్టు లేదు. ఈ వైపే కాదు, రాయచూరు, యాద్గిర్ వైపు కర్ణాటక బస్సుల్లో ఆ రాష్ట్రం ఆడవాళ్లకూ లేదు. ఇక సైకిలు మీద ఒళ్లు హూనం చేసుకోవలసిన ఖర్మ మగవాళ్లకే మిగిలింది.

సరే, కొత్తది కొందామని దుకాణానికి పోయాను. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగిందని దుకాణదారు సంబరంగా చెప్పాడు. నేను సంబరపడలేకపోయాను. పన్ను తగ్గి ధర ఐదు వేల కిందికి జారిందంటే, చట్టం కళ్లలో నా సైకిలు పరువు కూడా జారినట్టే. "కాస్త ఎక్కువకు ఇవ్వరా?" అని అడిగిన గిరాకీ ఆ దుకాణానికి నేనే మొదటివాణ్ణి అయి ఉంటాను.

అక్కడ అన్ని రంగుల్లోనూ గేర్ల సైకిళ్లు వేలాడుతున్నాయి. వాటిని చూస్తుంటే నాకు దొంగ కళ్లే వచ్చాయి. ఇది బాగుంది, పోతుంది. ఇది ఇంకా బాగుంది, ముందు ఇదే పోతుంది. పైగా గేరు పాడైతే మా ఊరి మిస్త్రీ దాన్ని తలకిందులు చేసి చాలాసేపు చూసి, "హైదరాబాద్ తీస్కపోండ్రి సార్," అంటాడు. సైకిలును బస్సు మీద ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోయే ఓపిక నాకు లేదు.

ఇక మిగిలింది నల్ల సైకిలు. ఒకప్పుడు పెళ్లిళ్లలో అల్లుడికి వాచీ, రేడియోతోపాటు పెట్టిన సైకిలు అదే. మద్రాసు అంబత్తూరులో 1949లో మొదలైన టీఐ కంపెనీ హెర్క్యులిస్, లూధియానాలో 1956లో మొదలైన హీరో, సోనీపత్ అట్లాస్... పేర్లే వేరు గానీ దూరం నుంచి చూస్తే అన్నీ అన్నదమ్ములే. అట్లాస్ వాళ్ల ఆఖరి ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది. ఆ రోజు ప్రపంచ సైకిలు దినోత్సవం కావడం ఎవరి చమత్కారమో తెలియదు. కంపెనీ పోయినా సైకిలు అనాథ కాలేదు. 28 అంగుళాల చక్రం, దాని టైరు, ట్యూబు, పుల్లలు, చైను ఒకరివి ఇంకొకరికి సరిపోతాయి, మండల కేంద్రంలో ఏ సైకిలు దుకాణంలోనైనా దొరుకుతాయి. నమ్మకమైన సైకిలంటే నా లెక్కలో చెడిపోనిది కాదు, చెడిపోయిన చోటే బాగయ్యేది.

పాతదైతే ఇంకా మేలని మిస్త్రీ చెప్పాడు. చూసే పద్ధతి కూడా ఆయనే నేర్పాడు. వెనక చక్రం ఎత్తి తిప్పు, రిమ్ము బ్రేకు రబ్బరుకు ఒక పక్కన తగులుతుంటే బెండు ఉన్నట్టు. పైడిల్ పట్టి అటూ ఇటూ గుంజు, లొడలొడమంటే లోపల అరిగింది. ముందు బ్రేకు పట్టి బండిని ముందుకూ వెనక్కూ ఊపు, హ్యాండిల్ దగ్గర టకటకమంటే పని పడ్డట్టు. గొట్టాలు కలిసే చోట రంగు పగిలిందేమో చూడు, కింద ఇనుము కూడా పగిలిందేమో. "రంగు వోతే పోనీ సార్. రంగు మంచిగున్న పాత సైకిల్నే నమ్మొద్దు."

ఎందుకు నమ్మొద్దో వకీలు చెప్పాడు. దొంగసొత్తని తెలిసో, అలా నమ్మడానికి కారణం ఉండో కొంటే 317వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా పడవచ్చు. ఎత్తుకుపోయినవాడు వీధి ఊడ్చి ఇంటికి పోవచ్చు, సగం ధరకు కొని మురిసిపోయినవాడు లోపలికి పోవచ్చు. నాకు భయం వేసింది. అగ్గువకు సైకిలు ఇస్తానన్న ప్రతి మనిషినీ రసీదు అడగడం మొదలుపెట్టాను. చాలామంది ఆ మాట విని మళ్లీ కనిపించలేదు.

ఇది మా ఊరి గ్రహచారం మాత్రమే కాదు. 1948లో వచ్చిన ఇటలీ సినిమా 'బైసికిల్ థీవ్స్'లో రోముకు చెందిన ఒక బీదవాడు ఇంట్లో దుప్పట్లు తాకట్టు పెట్టి సైకిలు విడిపించుకుంటాడు. పనికి పోయిన మొదటి రోజే అది పోతుంది. వెతికి వేసారి చివరికి తానే ఇంకొకరి సైకిలు ఎత్తబోయి దొరికిపోతాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో 1965లో ప్రోవో అనే కుర్రాళ్ల దళం అసలు తాళాలే వద్దంది. కొన్ని సైకిళ్లకు తెల్లరంగు వేసి, ఎవరైనా తొక్కుకోండని వీధిలో వదిలింది. తాళం లేకుండా సైకిలు వదలడం నేరమని పోలీసులు వాటిని పట్టుకుపోయారు. తిరిగి చేతికి వచ్చాక కుర్రాళ్లు నంబరు తాళాలు వేసి, ఆ నంబరును సైకిలు మీదే రాసిపెట్టారు! చట్టాన్ని అంత చక్కగా గౌరవించినవాళ్లను నేను మళ్లీ చూడలేదు.

మా ఊళ్లో దొంగ ఎత్తుకుపోలేని తొక్కుడు బండి ఒక్కటే ఉంది: గుంత మగ్గం. సగం భూమిలో ఉంటుంది, మనిషి అందులో దిగి తొక్కుతాడు, ఎంత తొక్కినా ఉన్నచోటే ఉంటుంది. దాని మీద నేసిన నారాయణపేట చీర దేశమంతా తిరిగివస్తుంది.

చివరికి రసీదున్న ఒక పాత నల్ల సైకిలు 2,200కు దొరికింది. తాళాలకు ఇంకో 900 పెట్టాను. సీటు కింద ఉండే గుండ్రటి తాళం చక్రాన్ని మాత్రమే ఆపుతుంది, సైకిలును భుజాన వేసుకుపోతానంటే అది అడ్డం రాదు. అందుకని లావు గొలుసు తీసుకుని, చక్రాన్నీ ఫ్రేమునూ కలిపి కరెంటు స్తంభానికి కడుతున్నాను. చైను కవరు మీద నా పేరు, ఊరు తెల్లరంగుతో రాయించాను. పెయింటరు నా పేరులో ఒక దీర్ఘం తప్పాడు, దిద్దించలేదు. అంత తప్పుగా ఇంకెవరి సైకిలు మీదా ఉండదు.

మా ఆమె వాకిట్లో దాని చుట్టూ ఒకసారి తిరిగింది. "గిది ఎవ్వడు ఎత్కపోతడు? ఊకెనే ఇచ్చినా తీస్కోరు," అంది.

అంతకంటే మంచి సర్టిఫికెట్టు నాకు ఏ కంపెనీ ఇస్తుంది?

మీరూ సైకిలు కొనేదుంటే అందంగా లేనిదే కొనండి. ఫ్రేము నంబరు సీటు కింది గొట్టం మీదనో, పైడిల్ ఇరుసు ఉండే గొట్టం అడుగుననో కొట్టి ఉంటుంది. దాన్ని ఇంటికి పోగానే ఒక కాగితం మీద రాసి రసీదుతోపాటు దాచండి. ఆ కాగితం సైకిలు సీటు కింద మాత్రం పెట్టకండి.