పదకొండు నెలలకే ఇన్‌చార్జ్

మొన్న మా మేనకోడలు హైదరాబాదు నుంచి ఫోన్ చేసింది. "అత్తా, నన్ను ఐసీయూ ఇన్‌చార్జ్‌ని చేశారు" అంది. బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి ఆ ప్రైవేటు ఆసుపత్రిలో చేరి పదకొండు నెలలు. ఇంట్లో అందరూ స్వీట్లు పంచుకున్నారు. నాకు ముద్ద దిగలేదు.

మా రోజుల్లో పదకొండు నెలల పిల్లని వార్డు తాళాలు ముట్టుకోనిచ్చేవాళ్ళు కాదు. నేను విశాఖలో జనరల్ నర్సింగ్ చదివి 1982లో ఒక జిల్లా ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరాను. గాజు సిరంజిలు ఉడకబెట్టుకుని, గాజ్ ముక్కలు మడిచి డ్రమ్ముల్లో సర్ది ఆటోక్లేవ్‌కి పంపే కాలం. మా హెడ్ సిస్టర్ మొదటి నెలంతా నాకు మళ్ళీ మళ్ళీ చెప్పిన పని ఒకటే: రోగి పక్కన నిలబడి నిండా నిమిషం ఊపిరి లెక్కపెట్టు. పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేస్తే ఒప్పుకునేది కాదు. చాలామందిలో బీపీ పడిపోకముందే ఊపిరి వేగం పెరుగుతుంది. మనిషి దిగజారుతున్న సంగతి అదే ముందు చెబుతుంది. ఇప్పుడు కేస్ షీట్లు తిరగేస్తే వరసగా అందరికీ ఊపిరి ఇరవయ్యే. ఎవరు లెక్కపెట్టారమ్మా? ఆ ఇరవై చూసి అనుమానపడి, "పద, మళ్ళీ చూద్దాం" అని జూనియర్‌ని మంచం దగ్గరికి నడిపించేదే ఇన్‌చార్జ్ సిస్టర్. రోస్టర్ వేయడం, ఇండెంట్ రాయడం నెలలో వచ్చేస్తాయి. ఆ అనుమానం నెలల్లో రాదు.

"పొటాషియం క్లోరైడ్ ఎక్కడ పెడతారే?" అని అడిగాను.

"మిగతా ఆంపూళ్ళతోపాటే, ట్రాలీలో."

నా గుండె జారింది. సెలైన్‌లో కలిపి నెమ్మదిగా ఎక్కిస్తే అది మందు. నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. మా వార్డులో దానికి వేరే డబ్బా, వేరే తాళం. ఆ డబ్బా ఎందుకో తెలియని పిల్లకి ఆ గది మొత్తం అప్పగించారు.

ఎందుకంటే సీనియర్లు నిలవడం లేదు. గల్ఫ్‌కి, బ్రిటన్‌కి, జర్మనీకి వెళ్ళిపోతున్నారు. వెళ్ళేవాళ్ళని నేను తప్పుపట్టను, ఇక్కడిచ్చే జీతానికి ఎవరుంటారు? నా కోపం యాజమాన్యాల మీద. అనుభవమున్న నర్సుకి జీతం పెంచి నిలబెట్టుకోవడం కంటే కొత్తపిల్లకి బ్యాడ్జీ తగిలించడం చౌక అని వాళ్ళు లెక్క కట్టుకున్నారు.

మా కాలంలో అంతా సవ్యంగా ఉందని అనను. హెడ్ నర్సు కావడానికి నాకు పంతొమ్మిదేళ్ళు పట్టింది. సీనియారిటీ లిస్టులో పేరు పైకొచ్చేసరికి రిటైరైపోయిన మంచి నర్సులు నా కళ్ళముందే ఉన్నారు. అదీ అన్యాయమే. అమెరికాలో పాట్రీషియా బెన్నర్ 1984లో రాసిన పుస్తకంలో నర్సు ఎదుగుదలకి ఐదు మెట్లు చెప్పింది. ఒకే తరహా పనిలో రెండు మూడేళ్ళు గడిచాక వచ్చేది మూడో మెట్టు. ఆ మాట నాకు నచ్చింది, నేను చూసిందీ అంతే. రెండు మూడేళ్ళు ఒకే వార్డులో పని, తర్వాత ఓ ఏడాది పెద్ద సిస్టర్ నీడలో షిఫ్ట్ బాధ్యత, ఆ తర్వాతే ఇన్‌చార్జ్. తెలివైన పిల్లలకైనా సరే. మా పిల్ల తెలివైందే.

"ఇప్పుడే వద్దు, ముందు ఒక సీనియర్ కింద షిఫ్ట్ చూస్తానని రాసివ్వవే" అన్నాను.

"చేతకాదనుకుంటారు అత్తా. అయినా సీనియర్ ఎవరున్నారు?"

ఈ రాత్రి అది డ్యూటీలో ఉంది. పన్నెండు పడకలు, తనతో కలిపి ఐదుగురు నర్సులు. ఆ ఐదుగురిలో అందరికంటే సీనియర్ మా పిల్లే.