వరుణదేవుడికి హైదరాబాదు విన్నపం

శ్రీ వరుణదేవుల దివ్యసముఖానికి, హైదరాబాదు నాలాల ఒడ్డున కాపురముండే పౌరులు విన్నవించుకునేది.

విషయం: మా నాలాల తాహతు చూసి కురవడం గురించి.

అయ్యా,

కప్పలకు పెళ్ళిళ్ళు చేసి మరీ తమరిని పిలిచింది మేమే, కాదనం. కానీ గంటకు రెండు సెంటీమీటర్లు దాటితే మా నాలాలు మోయలేవని అధికారులు ఏటా పత్రికల్లో మొత్తుకుంటూనే ఉన్నారు. తమరు పత్రికలు చదువుతున్నట్టు లేదు. 2000 ఆగస్టులో ఒక్కరోజే 24 సెంటీమీటర్లు కుమ్మరించారు. నాలాలు వెడల్పు చేయాలని 2003లో కిర్లోస్కర్ సలహా సంస్థ వారు నివేదిక ఇచ్చారు. దాన్ని తడవకుండా భద్రంగా దాచాం. అయినా 2020 అక్టోబరులో ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు కురిశారు.

1908లో తమరు మూసీని పొంగించి వేలమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు, నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఆయన తమరిని తిట్టలేదు. వరదను ఊరికి ఎగువనే ఆపమన్నారు. అలా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. అదంతా పాత పద్ధతి. ఇప్పుడు చెరువు శిఖంలో వెంచర్ వేస్తాం, అలుగుకు అడ్డంగా గోడ కడతాం, నీళ్ళు ఇంట్లోకొస్తే తమరిని తిడతాం.

తమరు పంపే నీళ్ళలో మురికి లేదని ఒప్పుకుంటాం. రోడ్డు మీది ఆయిలు, టైర్ల పొడి, టిఫిన్ బండ్ల ప్లాస్టిక్ ప్లేట్లు మావే. మొదటి వాన వాటన్నిటినీ ఊడ్చి నాలాలో వేస్తుంది. వాననీటి నాలాకు శుద్ధి కేంద్రం ఉండదు. అందులో పడ్డది తిన్నగా చెరువుకో మూసీకో చేరాల్సిందే. చాలదన్నట్టు ఇళ్ళ మురుగు పైపులూ అందులోకే కలిపాం. వాన లేని రోజుల్లోనూ నాలాలు పారుతుంటే జీవనదులనుకునేరు!

ఇక పూడిక. మే నెలలో తీసి గట్టు మీదే పోస్తాం. జూన్‌లో తమరు దాన్ని మళ్ళీ లోపలికి తోస్తారు. పై ఏడాదికి మళ్ళీ టెండరు. ఈ సహకారానికి కాంట్రాక్టర్లు తమకు రుణపడి ఉన్నారు.

కాబట్టి ఇకపై గంటకు రెండు సెంటీమీటర్లు మించకుండా, ఆఫీసులు వదిలే వేళ కాకుండా, చెరువుల్లో రిజిస్టరైన ప్లాట్లను తప్పించి కురవవలసిందిగా ప్రార్థన.

అది తమకు కుదరదంటే మాకు చాలా పని పడుతుంది. మురుగు పైపులను నాలాల నుంచి విడదీయాలి. తీసిన పూడికను అదే రోజు లారీ ఎక్కించాలి. నాలా కొలిచేటప్పుడు పేదవాడి గుడిసెతోపాటు పెద్దమనిషి ప్రహరీకీ టేపు పట్టాలి. చెరువులో ఇంటికి అనుమతి ఇచ్చిన సంతకం ఎవరిదో వెతకాలి.

అంత అఘాయిత్యం మా చేత చేయించరని నమ్ముతూ,

తమ విధేయులు,
నాలా ఒడ్డు పౌరులు