బట్టీ చదువుకు వందనం

బట్టీ చదువా, నీకు దణ్ణం పెట్టాలి. నలభై ఏళ్ళుగా నిన్ను బడి గడప దాటించాలని ఎందరు పూనుకున్నా నువ్వు కదల్లేదు. ప్రభుత్వాలు మారాయి, పాఠ్యపుస్తకాలు మారాయి, పరీక్షల పేర్లు మారాయి. మా సీఎస్ పురం మండలంలో ఫిబ్రవరి నెల వస్తే మాత్రం పదో తరగతి పిల్లల స్టడీ అవర్లలో వినపడేది నీ గొంతే. ఇది ఎకసెక్కం కాదు. నీలో నిజంగా మెచ్చుకోవలసినవి ఉన్నాయి. వాటిని దాచుకోకుండా చెబుతాను.

నువ్వు బీదవాళ్ళ ఇంటికి తగిన చదువువి. ప్రయోగశాల కావాలని, గదికి కుళాయి కావాలని, ఆమ్లాలు క్షారాలు కొనిపెట్టమని ఎన్నడూ అడగలేదు. ఒకే టీచరు ఐదు తరగతులు చూసుకోవలసిన బళ్ళో కూడా నువ్వు సర్దుకుపోయావు. ఒక తరగతికి లెక్క చెబుతుంటే మిగతా నాలుగూ నిన్ను వల్లె వేసుకుంటాయి. వానలు లేక, బోర్లు ఎండి, తల్లిదండ్రులు హైదరాబాదుకో బెంగళూరుకో పనికి వెళితే, వాళ్ళ వెంట సంచిలో వెళ్ళగలిగింది నువ్వే. తోటలో మొలిపించిన విత్తనం వెళ్ళలేదు, గుంపుగా కూర్చుని తేల్చిన లెక్క వెళ్ళలేదు. గైడు వెళ్ళింది.

నువ్వు మాట తప్పవు. ఇరవై ప్రశ్నలు కంఠతా పడితే ఇన్ని మార్కులు వస్తాయంటావు, వస్తాయి. ఇంట్లో అక్షరం వచ్చినవాళ్ళు లేని ఆడపిల్లను పది గట్టెక్కించిన ఘనత నీది. పదో తరగతి మార్కుల మీదే ట్రిపుల్ ఐటీ సీటు ఆధారపడి ఉన్నప్పుడు, ఆ అమ్మాయి నాన్నకు నీ మీద నమ్మకం కుదరడంలో తప్పేమీ లేదు. ఎక్కాలు నోటికి రావడం, పద్యం తడుముకోకుండా చెప్పడం కూడా నీ చలవే. అవి మనిషికి జీవితాంతం పనికొస్తాయి. నిన్ను పూర్తిగా తీసిపారేసే పండితులు ఈ సంగతి మరిచిపోతారు.

నీతో పోటీకి వచ్చినవాళ్ళను గుర్తు చేసుకుంటే నీ బలం ఇంకా బాగా తెలుస్తుంది. 1980ల నడుమ బ్రిటన్ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం మొదలైంది, ఏపీపీఈపీ అనేవారు. 1989 నుంచి అది రాష్ట్రమంతటికీ పాకింది. దాని ఆరు సూత్రాలు ఇప్పుడు చదివినా ముచ్చటేస్తుంది. టీచరే కృత్యాలు తయారు చేసుకోవాలి, పిల్లలు చేసి నేర్చుకోవాలి, ఒంటరిగానూ జట్టుగానూ తరగతిగానూ పని చేయాలి, ఏ బిడ్డ తేడా ఆ బిడ్డకు గుర్తించాలి, ఊరి పరిసరాలను పాఠంలోకి తేవాలి, పిల్లల పనిని గోడమీద పెట్టాలి. టీచర్లు కేంద్రాల్లో కలుసుకుని అట్టలు కత్తిరించారు, గింజలతో లెక్కలు చేయించారు. ఆ నడుమే 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు కింద సైన్సు కిట్లు, లెక్కల కిట్లు వచ్చాయి. తర్వాత టీచరుకు ఏడాదికి 500 రూపాయల బోధనాభ్యసన సామగ్రి (టీఎల్ఎం) గ్రాంటు వచ్చింది, మేళాలు జరిగాయి. విరిగితే జవాబు చెప్పాలన్న భయంతో కిట్లు చాలాచోట్ల బీరువాలోనే ఉండిపోయాయి. నువ్వు విరిగేదానివి కాదు.

మన మదనపల్లె దగ్గర రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతులు ఒకే గదిలో అన్ని తరగతుల పిల్లలూ కార్డుల నిచ్చెన ఎక్కుతూ ఎవరి వేగంతో వాళ్ళు నేర్చుకునే పద్ధతి తయారు చేశారు. మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె టీచర్లు వచ్చి చూసి వెళ్ళి 1995లో 'నలి-కలి' మొదలుపెట్టారు. అది కన్నడ బళ్ళలో వేళ్ళూనుకుంది. సొంత రాష్ట్రంలో, ఏకోపాధ్యాయ బళ్ళు ఇన్ని ఉన్న మన పడమటి ప్రకాశంలో, దానికి దక్కని చోటు నీకు దక్కింది. ఇది తలుచుకుంటే నాకు కడుపు మండుతుంది. అయినా గెలిచింది నువ్వేనని ఒప్పుకోవాలి.

నీ అసలు ప్రతిభ మాత్రం మా ప్రాంతంలోనే చూడాలి. చుట్టూ ఇంత ఉండగా దేన్నీ ముట్టుకోనివ్వకుండా చదివించగలగడం సామాన్యమైన పని కాదు.

స్లేటు రూపాంతర శిల అనీ, షేలు ఒత్తిడికి వేడికి మారి స్లేటవుతుందనీ పిల్లవాడు గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. మార్కాపురం గనులు బస్సెక్కితే అందే దూరంలోనే ఉన్నాయి. ఆ రాయిని చేతిలోకి తీసుకుని ఉలి పెట్టి కొడితే పొరలు పొరలుగా ఎలా విడుతుందో, అడ్డంగా కొడితే ఎందుకు విడవదో వాడు చూడలేదు. ఆ పలకల వెనక మరో పాఠం కూడా ఉంది. 1987 జాతీయ బాలకార్మిక విధానం వచ్చాక దేశంలో మొట్టమొదట ప్రత్యేక పథకాలు పెట్టిన చోట్లలో మార్కాపురం పలకల పరిశ్రమ ఒకటి. దేశమంతటా పిల్లలు అక్షరాలు దిద్దుకున్న పలకల్ని, బడికి వెళ్ళని పిల్లలు తయారు చేశారు. వాళ్ళలో కొందరు ఇవాళ తాతలై ఉంటారు. వాళ్ళ దగ్గర కూర్చుని అడిగి రాసుకుంటే అంతకన్నా మంచి సాంఘిక శాస్త్రం ఏముంటుంది? బాలకార్మిక వ్యవస్థకు కారణాలు ఐదు రాయమంటే మాత్రం ఐదూ వస్తాయి.

కంభం చెరువును రాయలవారి భార్య వరదరాజమ్మ కట్టించిందని నోటికి వచ్చు. 2020లో దానికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చిందని బిట్టుగా వచ్చు. రెండు కొండల మధ్య సందు చూసి అక్కడే కట్ట ఎందుకు వేశారో, గుండ్లకమ్మ నీళ్ళు ఎటు నుంచి వస్తాయో, కట్టమీద నిలబడి పటం గీసిన బిడ్డ ఎక్కడ? మా మండలంలోనే భైరవకోనలో ఒక్క కొండలో ఎనిమిది శివాలయాలు తొలిచారు. తొలిచినవాడు బట్టీ పట్టలేదు. పెద్ద శిల్పి పక్కన కూర్చుని, రాయి పాడు చేసి, తిట్లు తిని నేర్చుకున్నాడు. మన పిల్లలు అక్కడికి విహారయాత్రకు వెళ్ళి జలపాతంలో తడిసి, ఫొటోలు దిగి వస్తారు.

అన్నిటికన్నా పెద్ద విజయం ఫ్లోరైడ్ విషయంలో సాధించావు. కనిగిరి చుట్టుపక్కల ఊళ్ళలో భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. పళ్ళమీద గోధుమరంగు చారలున్న పిల్లవాడు, లీటరు నీళ్ళలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు మించకూడదని, మించితే పళ్ళకూ ఎముకలకూ ఫ్లోరోసిస్ వస్తుందని తప్పు లేకుండా రాసి నాలుగు మార్కులు తెచ్చుకుంటాడు. తన వీధి బోరు నీళ్ళలో ఎంత ఉందో వాడికి తెలియదు. జలజీవన్ మిషన్ కింద ఊళ్ళలో నీటి పరీక్ష కిట్లు వాడడానికి ఆడవాళ్ళకు శిక్షణ ఇస్తున్నారు. అలాంటి కిట్టు బడికి తెచ్చి, ఒక్కో బోరు నీళ్ళు తెచ్చుకుని, రంగు మారడం చూసి, పట్టిక వేసి గ్రామసభలో చదివితే? దానికి మార్కులు లేవు. నొప్పి పళ్ళలో ఉంది, జవాబు నాలుకమీద ఉంది. రెంటినీ కలవకుండా కాపలా కాసినదానివి నువ్వు.

చేసి నేర్చుకోమన్న పద్ధతినే లోపలికి మింగగలిగినదానివి. నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చింది, ప్రాజెక్టు పనుల్ని కూడా లెక్కలోకి తీసుకుని పదో తరగతిలో సబ్జెక్టుకు 20 అంతర్గత మార్కులు పెట్టారు. ప్రాజెక్టు పనులు గైడుల్లో అచ్చయ్యాయి. ఇరవైకి ఇరవై వేసుకోవడం ఆనవాయితీ అయ్యాక, 2019-20 నుంచి ఆ మార్కులనే తీసేశారు. ఇంటర్ సైన్సు ప్రాక్టికల్స్ సంగతీ అంతే. రికార్డులో బొమ్మలు అందంగా వేస్తారు, రీడింగులు సీనియర్ల రికార్డు చూసి ఎక్కిస్తారు. చేతులు పెట్టి చేయవలసినదాన్ని కూడా బట్టీగా మార్చగలిగావంటే నీ శక్తికి చేతులెత్తి మొక్కాలి.

ఇంత చెప్పాక నీ మీద నాకు కోపం లేదు. అడిగినదే ఇచ్చావు. టీచర్లనూ ఒక్క మాట అనను. మార్చి పరీక్షల ఫలితాల శాతాన్ని పట్టుకుని మండల సమావేశంలో నిలబెట్టి అడుగుతుంటే, జూన్‌లో కృత్యాలతో మొదలుపెట్టిన టీచరు కూడా జనవరికి స్లిప్ టెస్టుల్లోకి దిగక తప్పదు. శిక్షణ తరగతులు ఇచ్చే శాఖ ఒకటి చెబుతుంది, ప్రశ్నపత్రం తయారు చేసే శాఖ ఇంకొకటి అడుగుతుంది. నీ సింహాసనం తరగతి గదిలో లేదు, ప్రశ్నపత్రంలో ఉంది. నిన్ను అక్కడ కూర్చోబెట్టినవాళ్ళే ఏటా చేసి నేర్చుకోవాలని మాడ్యూళ్ళు అచ్చు వేయిస్తున్నారు.

కాబట్టి నేను పరీక్షల విభాగాన్ని కోరేది ఒక్క ప్రశ్న. పదో తరగతి సైన్సు పేపర్లో ఎనిమిది మార్కులకు ఇలా ఇవ్వండి: 'మీ ఊళ్ళో మూడు చోట్ల నీళ్ళు మీరు పరీక్షించిన తీరు, వచ్చిన ఫలితాలు రాయండి. అవి ఒకదానికొకటి ఎందుకు తేడాగా ఉన్నాయనుకుంటున్నారు?' గైడువాళ్ళు దానికీ జవాబు అచ్చు వేయబోతారు. కానీ సీఎస్ పురం బోరుకు ఒక అంకె, మిట్టపాలెం బోరుకు ఇంకో అంకె వస్తాయి. అన్ని ఊళ్ళకూ సరిపోయే జవాబు నీ దగ్గర ఉండదు.