ముందు బ్రేకు మాట

"ముందు బ్రేకు ముట్టుకోకు, బోర్లా పడతావ్." పామర్రులో స్కూటరు నేర్చుకునే కుర్రాడికి పెద్దలు మొదట చెప్పే మాట ఇదే. ఆ మాటలో ముద్దాయిని నేనే. ఎనభైల నాటి బజాజ్ చేతక్‌కి ముందు బ్రేకుని.

చేతక్ 1972లో వచ్చింది. మా పెద్దాయన కొన్న రోజుల్లో కూడా డబ్బు కట్టి ఏళ్ల తరబడి కాచుకోవాల్సిందే. అలా కాచుకున్న బండి వాకిట్లోకి రాగానే పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు. కుడిచేతి లివరు లాగితే కేబుల్ హ్యాండిల్ గొట్టంలోంచి కిందికి దిగి నా చేతిని లాగుతుంది. క్యామ్ తిరిగి రెండు షూలూ విచ్చుకుంటాయి. అవి డ్రమ్ముని ఒరుసుకుంటే చక్రం ఆగుతుంది. నా బతుకంతా ఆ ఒరిపిడే.

మా వైపు వరి కోశాక మాగాణిలో మినుము పండుతుంది. బండ్లు తొక్కితే గింజ రాలుతుందని మినప కట్టె రోడ్డు మీద పరుస్తారు. ఒక సాయంత్రం గుడివాడ రోడ్డు మలుపులో, హ్యాండిల్ తిరిగి ఉండగా, ఆ కట్టె మీద పెద్దాయన నన్ను ఒక్కసారిగా పట్టేశాడు. చక్రం బిగుసుకుని జారింది. ఆయన మోచెయ్యి చీరుకుపోయింది. తడి మీదా, గింజల మీదా, మలుపులోనూ నన్ను అలా పట్టకూడదు, నిజమే. కానీ ఎలా పట్టాలో ఆయనకి చెప్పినవాళ్లు లేరు. మర్నాడే నా కేబుల్ వదులు చేయించేశాడు.

అప్పట్నుంచి లివరు ఉండేది, నేను ఉండేదాన్ని కాదు. బందరు వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి కేబుల్ అవుటరులోనే తుప్పుపట్టింది. క్యామ్ బిగుసుకుంది. సీలు పోయి గ్రీజు షూల లైనింగు మీదికి కారింది. ఆపేటప్పుడు బండి బరువంతా ముందుకి తూగుతుంది. వెనక చక్రం తేలికపడుతుంది, నేల మీద పట్టు ముందు చక్రానికే ఎక్కువ. పెద్దాయన మాత్రం కాలి కింది బ్రేకునే నమ్ముకున్నాడు. ఒక మాఘ పౌర్ణమికి భార్యనీ పిల్లాణ్నీ ఎక్కించుకుని హంసలదీవి వెళ్తుంటే అవనిగడ్డ దాటాక గేదె అడ్డొచ్చింది. వెనక టైరు కీచుమంటూ ఈడ్చుకుపోయింది. గేదె తనంతట తాను కదిలింది కాబట్టి సరిపోయింది. చక్రం పక్కనే ఉండి కూడా నేను వాళ్లకి పనికి రాలేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

తర్వాత బండి పశువుల చావిట్లో పడింది. 2005 నాటికి చేతక్ తయారీ కూడా ఆగిపోయింది.

నిరుడు మనవడు దాన్ని బయటికి లాగి మెకానిక్ దగ్గరికి తెచ్చాడు. "బాబాయ్, ముందు డిస్క్ వేద్దాం. 1962లోనే లాంబ్రెట్టా టీవీ 175కి డిస్క్ బ్రేకు పెట్టారు, మనమెందుకు పెట్టకూడదు?" అన్నాడు. మెకానిక్ నా ముందు చతికిలబడి చక్రం తిప్పి చూశాడు. "డిస్క్ కావాలంటే ఫోర్కు దగ్గర్నుంచీ మార్చాలి అబ్బాయ్. అప్పుడిది తాతయ్య బండి కాదు. డ్రమ్మునే బాగు చేద్దాం" అన్నాడు. ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది.

చక్రం విప్పి డ్రమ్ము లాగాడు. లోపలి పొడిని నోటితో ఊదబోయిన పనికుర్రాణ్ని చెయ్యి పట్టి ఆపాడు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. తడిగుడ్డతో తుడిపించాడు. డ్రమ్ము ఓవల్ అయిందని లేతు మీద సన్నగా చెక్కించాడు. సీలు కొత్తది. లోపల ప్లాస్టిక్ పొర ఉన్న కేబుల్ కొత్తది. నా పాత చెయ్యి తీసి అర అంగుళం పొడవైంది బిగించాడు. దాంతో అదే పిడికిలికి బలం పెరుగుతుంది, కాకపోతే లివరు ఎక్కువ దూరం లాగాలి. అందుకే కేబుల్‌లో వదులు దాదాపు లేకుండా బిగించాలి.

అసలు పని షూల దగ్గర జరిగింది. కొత్త లైనింగు మీద సుద్ద రాసి, డ్రమ్ము ఎక్కించి, ఒకసారి తిప్పి తీశాడు. సుద్ద చెరిగింది నడిమి రెండు వేళ్ల మేరే. అంటే తక్కిన లైనింగంతా డ్రమ్ముకి అందడం లేదు. చెరిగిన చోట గరుకు కాగితంతో అరగదీసి, మళ్లీ సుద్ద, మళ్లీ తిప్పు. మధ్యాహ్నం భోజనం కూడా మానేశాడు. పొద్దు వాలేసరికి సుద్ద ఈ కొస నుంచి ఆ కొస దాకా సమంగా చెరిగింది.

2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే కొత్త బండ్లలో 125 సీసీ దాకా ఉన్నవాటికి కంబైన్డ్ బ్రేకు గానీ ఏబీఎస్ గానీ, అంతకు మించితే ఏబీఎస్ తప్పనిసరి చేశారు. కంబైన్డ్ అంటే వెనక బ్రేకు నొక్కినా ముందుది కూడా పడుతుంది. మా పెద్దాయన పడిన నాటికే ఆ ఏర్పాటు ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో.

పని పూర్తయ్యాక కూచిపూడి రోడ్డు మీద మనవడు వేగం అందుకోవడం, నన్ను మెల్లగా పట్టడం, వదలడం, అలా ఓ ఇరవై సార్లు చేశాడు. డ్రమ్ము కాలి కొత్త లైనింగు వాసన కొట్టింది. ఇంటికొచ్చి తాళం పెద్దాయనకిచ్చాడు. "తాతయ్యా, ముందు కాలు నొక్కండి, వెంటనే రెండు వేళ్లతో ఇది. హ్యాండిల్ తిన్నగా ఉండాలి." కాలవ గట్టు దాకా వెళ్లాక ఆ వేళ్లు లివరు మీదికొచ్చాయి. వణుకుతున్నాయి. నొక్కాడు. బండి ముక్కు కాస్త వంగి, తిన్నగా నిలబడింది. ఇంకోసారి నొక్కి చూశాడు. ఆ తర్వాత పామర్రు సెంటరు దాకా పోయి, నాలుగు రోడ్ల దగ్గరా ఆగి, చీకటి పడ్డాక ఇల్లు చేరాడు.

మర్నాటికి కొత్త కేబుల్ కొంచెం సాగింది. పెద్దాయనే వంగి, అడ్జస్టరుని అర తిప్పు బిగించాడు.