మా ఆరంగుళాల అద్దం

ఈ రోజుల్లో టెలిస్కోపు కొనేవాళ్లు పెరిగారు, దానికి కన్ను ఆనించేవాళ్లు తగ్గారు. మదనపల్లెలోనూ అంతే, పుంగనూరులోనూ అంతే, కుప్పంలోనూ అంతే. ఆన్‌లైన్లో ఆర్డరు పెడితే నాలుగు రోజుల్లో డబ్బా ఇంటికొస్తుంది. మిద్దె మీద పెట్టి ఫోన్లో వేలు ఆనిస్తే చాలు, అదే తిరుగుతుంది, అదే వెతుక్కుంటుంది, అదే ఫొటో తీస్తుంది. యజమాని కింద హాల్లో ఫ్యాను గాలికి కూర్చుని తెర చూస్తుంటాడు. ఏడాది తిరిగేలోగా కొత్త మోడల్ వస్తుంది, పాతది అటకెక్కుతుంది. అది మూలపడిందన్న బెంగ ఎవరికీ ఉండదు. నాకు కడుపు మండేది అక్కడే.

మా రోజుల్లో టెలిస్కోపు కావాలంటే తయారు చేసుకోవాల్సిందే. నేను చెప్పేది 1980ల సంగతి. విదేశాల నుంచి తెప్పించుకోవాలంటే ధరా, దాని మీద సుంకమూ కలిపి బడిపంతులు జీతానికి అందే మాట కాదు. హైస్కూలు ల్యాబుల్లో చిన్న ఇత్తడి టెలిస్కోపులు ఉండేవి గానీ, ఆ బీరువాకు ఎప్పుడూ తాళమే. బెంగళూరు మనకు దగ్గర. అక్కడి ఔత్సాహిక ఖగోళ పరిశీలకుల దగ్గర అద్దం అరగదీసే విద్య నేర్చుకుని, గాజు బిళ్లలు గోనెసంచిలో చుట్టుకుని బస్సెక్కి వచ్చినవాళ్లం మేము.

ఆ విద్య గురించి ఇప్పటి పిల్లకాయలకు చెప్పేవాళ్లే లేరు కాబట్టి చెబుతాను. ఆరంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న గాజు బిళ్లలు రెండు కావాలి. ఒకటి పీట మీద బిగించాలి, రెండోది దాని పైన పెట్టాలి. మధ్యలో కార్బొరండం పొడి, కాసిని నీళ్లు. పైబిళ్లను ముందుకు తోయాలి, వెనక్కు లాగాలి, చేతుల్లో కాస్త తిప్పాలి, పీట చుట్టూ ఓ అడుగు జరగాలి. అలా రోజుల తరబడి చేస్తే పైబిళ్లలో గుంట పడుతుంది, కింది బిళ్ల ఉబ్బుతుంది. 80 నంబరు ముతక పొడితో మొదలుపెట్టి 120, 220, 400, 600 దాకా మెత్తటి పొడులకు రావాలి. పొడి మార్చినప్పుడల్లా బకెట్టూ, పీటా, గోళ్ల సందులూ కడుక్కోవాలి. ముతక రేణువు ఒక్కటి మిగిలినా గాజంతా గీతలే. ఆఖర్న తారు పరిచిన బిళ్ల మీద సీరియం ఆక్సైడుతో మెరుగు పెట్టాలి. ఇంత చాకిరీ చేశాక 48 అంగుళాల ఫోకల్ లెంగ్త్ ఉన్న అద్దంలో పడే గుంట లోతెంతో తెలుసా? నట్టనడుమ మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, అంతే.

ఆ గుంట ఆకారం సరిగ్గా వచ్చిందో లేదో చూడటం ఇంకో పెద్ద పని. తేడా వెంట్రుక మందంలో వెయ్యో వంతు దాటకూడదు. దాన్ని కొలవడానికి లక్షల రూపాయల యంత్రమేమీ అక్కర్లేదు. ఫ్రెంచి శాస్త్రవేత్త లియోన్ ఫూకో 1858లో చూపిన ఉపాయం ఒకటుంది. చీకటి గది, సన్నటి రంధ్రం వెనక దీపం, ఒక రేజర్ బ్లేడు ఉంటే చాలు. అద్దం నుంచి తిరిగొచ్చే వెలుగును బ్లేడు అంచుతో కోస్తూ చూస్తే అద్దం మీది ఎత్తుపల్లాలన్నీ నీడలై బయటపడతాయి. అద్దానికి బొటనవేలు కాసేపు ఆనించి తీస్తే ఆ ఒంటి వేడికే గాజు ఉబ్బి, గుట్టలా కనిపించేది. చల్లారేకొద్దీ ఆ గుట్ట మెల్లగా అణిగిపోయేది. మనిషి వేడికి గాజు కదలడం కళ్లారా చూసినవాడు ఆ గాజును జన్మలో మరిచిపోగలడా?

అద్దం తయారైతే గొట్టం కావాలి. మా సీమలో బోరుబావికి దించే కేసింగు పైపు ముక్క ఒకటి అందుకు సరిపోయింది. కాలికింద కదలకుండా ఉండటానికి రాతి కూసం పాతుకున్నాం. తర్వాత జాన్ డాబ్సన్ పద్ధతి తెలిసి, ప్లైవుడ్ పెట్టె పీఠం చేయించుకున్నాం. ఆ డాబ్సన్ కథ మనవాళ్లు తెలుసుకోవాల్సింది. ఆయన అమెరికాలో రామకృష్ణ సంప్రదాయపు వేదాంత మఠంలో 20 ఏళ్లకు పైగా ఉన్న సన్యాసి. మఠంలో ఉండగానే పాత ఓడ కిటికీల గాజుతో అద్దాలు అరగదీశాడు. 1967లో మఠం వదలాల్సి వచ్చాక, శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో టెలిస్కోపు పెట్టి దారినపోయేవాళ్లందర్నీ పిలిచి చంద్రుణ్ణీ శనినీ చూపించాడు. ప్రపంచమంతా ఇప్పుడు ఆయన పేరుతోనే పిలిచే ఆ పీఠానికి మోటారు లేదు, కరెంటు అక్కర్లేదు. చేత్తో తోస్తే కదులుతుంది, వదిలేస్తే నిలుస్తుంది.

అలా చేతుల్లో పుట్టినదాన్ని అటకెక్కించడానికి మనసెలా వస్తుంది? దాని గుణమంతా మనకు తెలిసిపోతుంది. మాది మిద్దె మీదికి తెచ్చిన వెంటనే బొమ్మ కుదురుగా చూపించదు. మార్గశిర మాసపు చలికి గాజు చల్లారి బయటి గాలితో సమానమయ్యేదాకా ఓపిక పట్టాలి. ఐపీస్ పట్టు కాస్త వదులు, ఎడమచేత్తో ఆపుకోవాలి. అల్యూమినియం పూత మసకబారినప్పుడల్లా అద్దాన్ని విప్పి, పసిపిల్లకు వాడే మెత్తటి గుడ్డలో చుట్టి, బెంగళూరు తీసుకుపోయి మళ్లీ పూత వేయించుకొచ్చాం.

అదే అద్దంలో 1986 ఏప్రిల్‌లో హేలీ తోకచుక్కను చూశాం. అది బాగా దక్షిణానికి దిగిపోయి ఉత్తర యూరప్ వాళ్లకు కనబడని రోజుల్లో మనకు దక్షిణాన చక్కగా కనబడింది. 1994 జూలైలో షూమేకర్-లెవీ తోకచుక్క ముక్కలు గురుగ్రహాన్ని ఢీకొన్నప్పుడు, మోడాల సందుల్లోంచి ఆ నల్లమచ్చలు చూశాం. శని వలయాలు దాదాపు పదిహేనేళ్లకోసారి మనకు అంచు చూపించి, సన్నగీతై మాయమవుతాయి. 1995లో, 2009లో, 2025లో అలా జరిగింది. అన్నిసార్లూ ఆ వలయాలు సన్నబడటాన్ని ఒకే అద్దంలో చూసినవాడికి తెలిసేది, ఏడాదికో కొత్త మోడల్ మార్చేవాడికి ఎప్పటికి తెలుస్తుంది?

ఒక్క టెలిస్కోపును పట్టుకుని దశాబ్దాలు గడపడం మా బోటి పల్లెవాళ్ల పట్టుదల మాత్రమే అనుకోకండి. కుప్పంలో రైలెక్కి జోలార్‌పేటలో దిగి, ఆలంగాయం మీదుగా జవ్వాది కొండలెక్కితే కావలూరు అబ్జర్వేటరీ వస్తుంది. అక్కడి ఒక మీటరు కార్ల్ జైస్ టెలిస్కోపును 1972లో పెట్టారు. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు, ఆ గ్రహానికి వలయాలున్నాయన్న జాడ నమోదైన చోట్లలో కావలూరు ఒకటి. నమోదు చేసింది ఆ టెలిస్కోపే. దాన్ని పాతదని పక్కన పెట్టలేదు. కొత్త పరికరాలు తగిలించి పని చేయించుకుంటూనే ఉన్నారు, 2022 డిసెంబరులో 50 ఏళ్ల పండగ కూడా చేశారు.

కావలూరు అబ్జర్వేటరీని కట్టిన ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు మన హైదరాబాదులో పెరిగిన మనిషి. నవాబు జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలో మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీలో ఆయన తండ్రి ఉద్యోగి. అక్కడి 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపు చుట్టూ తిరిగిన కుర్రాడు పెద్దయ్యాక, 2.34 మీటర్ల టెలిస్కోపు ఈ దేశంలోనే తయారవ్వాలని పట్టుబట్టాడు. దాని అద్దాన్ని బెంగళూరులో మనవాళ్లే అరగదీశారు. అది పూర్తవ్వకముందే 1982 ఆగస్టులో ఆయన కన్నుమూశాడు. 1986 జనవరి 6న రాజీవ్ గాంధీ దాన్ని ప్రారంభించి, బప్పు పేరే పెట్టారు. జనాన్ని రానిచ్చే సాయంత్రాల్లో అక్కడికి వెళ్లి ఆ గుమ్మటం కింద నిలబడితే, మా ఆరంగుళాల అద్దానికి అది పెద్దన్నలా అనిపించేది.

ఇక ఆకాశం సంగతి. మదనపల్లెలో ధ్రువనక్షత్రం ఉత్తరాన 13 డిగ్రీల పైచిలుకు ఎత్తులోనే ఉంటుంది. అందుకు బదులుగా దక్షిణాకాశం మనకు బాగా తెరుచుకుంటుంది. మాఘ ఫాల్గుణాల్లో అగస్త్య నక్షత్రం, వైశాఖంలో త్రిశంకు, దానికి ఎగువన లక్షల నక్షత్రాల గుంపు ఒమేగా సెంటారీ కనిపిస్తాయి. లండన్ వాళ్లకు ఇవేవీ కనబడవు. ఇంత సిరి ఉండి ఏం లాభం? వీధివీధికీ తెల్లటి ఎల్ఈడీ దీపాలొచ్చాయి. వాటికి పైన మూత లేదు, వెలుగు ఆకాశానికీ పోతుంది. హార్స్‌లీ కొండ మీదికి పోయి చూసినా కింద ఊళ్లన్నీ తెల్లగా మండుతుంటాయి. పాలపుంత చూడని పిల్లకాయలు మన ఊళ్లలోనే పెరుగుతున్నారు. దీని గురించి ఏ మునిసిపల్ మీటింగులోనూ ఎవరూ మాట్లాడరు.

కొత్త యంత్రాల్లో బలం లేదని నేననను. 50 మిల్లీమీటర్ల కటకం ఉన్న చిన్న డబ్బా పది నిమిషాల పాటు వెలుగు పోగేసి చూపే ఓరియన్ నెబ్యులా రంగులు, మా ఆరంగుళాల అద్దంలో కంటికి ఎన్నడూ కనబడలేదు. వీధి దీపాల మధ్య కూడా అది పని చేస్తుంది, మంచిదే. కానీ తెర మీద పడేది బొమ్మ. ఐపీస్‌లో పడేది ఆండ్రోమెడా గెలాక్సీ నుంచి 25 లక్షల ఏళ్ల కింద బయల్దేరిన వెలుగు. అంత దూరం వచ్చిన వెలుగు చిట్టచివర మన కంట్లో పడాలి గానీ ఇంకో యంత్రంలో పడి ఆగిపోతే ఎట్లా? బయల్లో నిలబడి, చీకటికి కళ్లు అలవాటయ్యేదాకా కాచుకుని, సొంత చేత్తో దాన్ని వెతికి పట్టుకున్నవాడికే ఆ ఆకాశం తనదవుతుంది.

జెర్సీ ఆవులొచ్చిన రోజుల్లో మన పుంగనూరు ఆవును పొట్టిదనీ, పాలు తక్కువనీ వదిలేశారు. కాస్త మేతతో బతికి చిక్కటి పాలిచ్చే ఆ జాతి కరిగిపోయే దశకు వచ్చాక గానీ దాని విలువ తెలియలేదు. చేత్తో చేసిన టెలిస్కోపులకూ అదే గతి పట్టిస్తున్నాం. అద్దం అరగదీయడం తెలిసిన చేతులు ముసలివైపోతున్నాయి. వాటి దగ్గర కూర్చుని నేర్చుకునేవాళ్లు రావడం లేదు.

అందుకే నా మాట ఇది. అటక మీద టెలిస్కోపున్న ప్రతివాళ్లూ దాన్ని దించండి, దుమ్ము దులిపి పక్కింటి పిల్లలకు చంద్రుణ్ణి చూపించండి. హైస్కూలు సైన్సు మాస్టర్లు ఆ బీరువా తాళం తీయండి. మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలో బడికొక ఆరంగుళాల అద్దం పిల్లల చేతనే అరగదీయించండి. రెండు గాజు బిళ్లలకూ పొడులకూ అయ్యే ఖర్చు ఇప్పటి ఫోను ధరలో ఓ మూలకు కూడా రాదు. నేర్పడానికి మాలాంటివాళ్లం ఇంకా ఉన్నాం, పిలిస్తే వస్తాం.